మూడు తూటాల పరిమితి: అమెరికా నీటిపక్షుల వేటలో సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఎంపిక – చారిత్రక పరిశీలన

సంగ్రహం

అమెరికాలో నీటిపక్షుల వేటకూ, షూటింగ్ రేంజ్‌లో సాధనకూ ఉపకరించే తొలి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను ఎంచుకొనేవారు ప్రధానంగా నాలుగు అంశాలను పరిశీలిస్తారు: తుపాకీలో పట్టే తూటాల సంఖ్య, యంత్రం పనిచేసే పద్ధతి, తూటా పొడవు, గుళ్ళ లోహం. పైకి ఇవి కేవలం సాంకేతిక విషయాలుగా కనిపిస్తాయి. నిజానికి 1900 నుంచి 1991 వరకు యంత్రశక్తికీ, దానిని అదుపు చేయబూనిన చట్టానికీ నడుమ జరిగిన సుదీర్ఘ సంవాదం వీటికి రూపమిచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చివరలో భారతీయ అనుభవంతో, ముఖ్యంగా కొల్లేరు అనుభవంతో ఈ చరిత్రను పోల్చి చూస్తుంది.

కీలక పదాలు: సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్, జాన్ బ్రౌనింగ్, నీటిపక్షులు, వలసపక్షుల చట్టం, స్కీట్, సీసపు గుళ్ళు, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం

ఒక పనిముట్టు చరిత్రను రాసేవారు సాధారణంగా దాని సామర్థ్యం ఎలా పెరుగుతూ వచ్చిందో చెబుతారు. వేట తుపాకీ విషయంలో ఆ పద్ధతి సగం కథనే చెబుతుంది. సామర్థ్యం ఎక్కడ, ఎవరి చేత, ఏ కారణంతో తగ్గించబడిందన్నది మిగిలిన సగం. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఇందుకు చక్కని ఉదాహరణ.

ముందుగా పరిభాషను స్పష్టం చేసుకోవాలి. రైఫిల్ ఒక గుండును దూరానికి పంపుతుంది. షాట్‌గన్ ఒక తూటాలోని అనేక చిన్న గుళ్ళను గుంపుగా వెదజల్లుతుంది. ఎగిరే పక్షికి, గాలిలోకి విసిరిన మట్టిబిళ్ళకు గురిపెట్టడానికి అది అనువైనది. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌లో మీట ఒకసారి నొక్కితే ఒక తూటా మాత్రమే పేలుతుంది. కాలిన తొడుగు బయటపడి, తరువాతి తూటా దానంతటదే చాంబర్‌లోకి చేరుతుంది. మీటను మళ్ళీ నొక్కితేనే రెండవ తూటా పేలుతుంది. గేజ్ అనేది గొట్టం వ్యాసానికి పాత కొలత. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగితే అది 12 గేజ్. నీటిపక్షుల వేటలో నేటికీ అదే ప్రధానమైన కొలత.

2. బ్రౌనింగ్ రూపకల్పన

విజయవంతమైన తొలి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855–1926). యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ పట్టణంలో తుపాకులు తయారుచేసే కుటుంబంలో జన్మించాడు. అంతకుముందు తన రూపకల్పనలను వించెస్టర్ సంస్థకు ఏకమొత్తానికి అమ్మేవాడు. ఈ తుపాకీ విషయంలో మాత్రం అమ్మిన ప్రతిదానిపై రాయల్టీ కోరాడు. వించెస్టర్ అధిపతి టి.జి. బెనెట్ అంగీకరించలేదు. బ్రౌనింగ్ రెమింగ్టన్ సంస్థను ఆశ్రయించాడు. 1902 జనవరిలో ఆయన సంస్థ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీని కలవబోయిన రోజునే హార్ట్‌లీ గుండెపోటుతో మరణించాడు. దానితో బ్రౌనింగ్ అట్లాంటిక్ దాటి బెల్జియంలోని హెర్స్‌టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. కర్మాగారంతో ఒప్పందం చేసుకున్నాడు. దిగుమతి సుంకం భారమైన తరువాత, 1905 నుంచి రెమింగ్టన్ కూడా అనుమతి పొంది అదే తుపాకీని అమెరికాలో తయారుచేసింది. అదే తరువాత మోడల్ 11గా ప్రసిద్ధమైంది.

బెల్జియం తుపాకీకి స్థిరపడిన పేరు ఆటో-5. మాగజైన్‌లో నాలుగు, చాంబర్‌లో ఒకటి, వెరసి అయిదు తూటాలు. సామర్థ్యమే పేరైంది. ఈ అయిదు అనే సంఖ్యను గుర్తుంచుకోవాలి. ముప్పై అయిదేళ్ళ తరువాత చట్టం చేయివేసింది దానిమీదనే.

దీని యంత్రవిధానం తుపాకీ వెనుదన్నుపై ఆధారపడింది. తూటా పేలినప్పుడు గొట్టమూ బోల్టూ కలిసి వెనుకకు జరుగుతాయి. తరువాత బోల్టు వెనుకనే ఆగిపోగా గొట్టం ముందుకు వెళుతుంది. కాలిన తొడుగు బయటపడుతుంది. బోల్టు కొత్త తూటాను తోసుకుంటూ ముందుకు వస్తుంది. గొట్టం వేగాన్ని అదుపు చేయడానికి మాగజైన్ గొట్టం చుట్టూ ఒక స్ప్రింగు, కంచుతో చేసిన ఒక బిగింపు, ఒక ఉక్కు వలయం ఉంటాయి. భారీ తూటాలు వాడేటప్పుడు ఆ వలయాన్ని స్ప్రింగు ముందు కంచు బిగింపుకు ఆనించి అమర్చుకోవాలి. తేలిక తూటాలకు దానిని స్ప్రింగు వెనుకకు మార్చుకోవాలి. అమరిక తప్పితే భారీ తూటాకు తుపాకీ అనవసరమైన దెబ్బ తింటుంది. తేలిక తూటాకు యంత్రం పూర్తిగా తిరగదు. బాతులకు భారీ తూటా, మట్టిబిళ్ళలకు తేలిక తూటా, రెంటికీ ఒకే తుపాకీ అన్న నేటి కొనుగోలుదారు సమస్య ఆ తొలి యంత్రంలోనే ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

3. వ్యాపార వేట – నింద ఎవరిది?

బ్రౌనింగ్ పేటెంటు 1900 అక్టోబరు 9న మంజూరైంది. అదే సంవత్సరం మే 25న లేసీ చట్టం అమలులోకి వచ్చింది. ఒక రాష్ట్ర చట్టాన్ని ఉల్లంఘించి చంపిన జంతువులను, పక్షులను మరో రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని అది నిషేధించింది. అత్యంత సమర్థమైన వేట తుపాకీ, వేట వాణిజ్యంపై తొలి ఫెడరల్ చట్టం ఒకే ఏడాది పుట్టాయి. ఇది యాదృచ్ఛికమే అయినా చరిత్రకారునికి ఉపయోగపడే యాదృచ్ఛికం.

పందొమ్మిదవ శతాబ్దంలో చెసపీక్ అఖాతం వంటి తీరాలలో బాతుల వేట పెద్ద వ్యాపారంగా సాగింది. నగరాల హోటళ్ళలో కాన్వాస్‌బ్యాక్ బాతు మాంసానికి గిరాకీ ఉండేది. పడవకు బిగించిన పంట్‌గన్‌తో నీటిపై విశ్రమించే గుంపునంతటినీ ఒకే దెబ్బతో కొట్టేవారు. లాబ్రడార్ బాతు 1870ల తరువాత కనిపించలేదు. ఒకప్పుడు ఆకాశాన్ని కప్పేసిన ప్యాసింజర్ పావురాలలో చివరిదైన మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించింది.

ఇక్కడ కాలక్రమాన్ని జాగ్రత్తగా గమనించాలి. ఈ వినాశంలో అధికభాగం సెమీ ఆటోమేటిక్ తుపాకీ మార్కెట్లోకి రాకముందే జరిగింది. వలలు, పంట్‌గన్‌లు, రెండు గొట్టాల తుపాకులు, రైలుమార్గాలు, మంచుపెట్టెలు ఆ పని చేశాయి. అయినా నింద ఎక్కువగా కొత్త తుపాకీ మీద పడింది. న్యూయార్క్ జంతుప్రదర్శనశాల అధిపతి విలియం హార్నడే 1913లో వెలువరించిన తన గ్రంథంలో ఆటోమేటిక్, పంప్ తుపాకులను తీవ్రంగా ఖండించాడు. అంతకుముందే, 1907లో పెన్సిల్వేనియా రాష్ట్రం వేటలో ఆటోమేటిక్ తుపాకుల వాడకాన్ని నిషేధించింది. క్షీణత కళ్ళముందు కనిపిస్తున్న సమయంలో వచ్చిన యంత్రం కాబట్టి అది క్షీణతకు ప్రతీక అయింది. కారణానికీ ప్రతీకకూ మధ్య ఉన్న ఈ భేదాన్ని విస్మరిస్తే తరువాతి చట్టాల స్వభావం అర్థం కాదు.

4. అయిదు నుంచి మూడుకు

వలసపక్షి రాష్ట్రాల సరిహద్దులను గుర్తించదు. అందుచేత ఒక్కో రాష్ట్రం విడివిడిగా చేసే చట్టం చాలలేదు. 1913 నాటి వీక్స్–మెక్లీన్ చట్టం రాజ్యాంగబద్ధతను పలువురు ప్రశ్నించారు. 1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. దానిని అమలుచేయడానికి 1918లో వలసపక్షుల ఒప్పంద చట్టం వచ్చింది. 1920లో మిసోరి రాష్ట్రం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. నీటిపక్షులను చంపి అమ్ముకొనే వృత్తికి దానితో చట్టబద్ధమైన ఆధారం లేకుండా పోయింది.

వ్యాపారం ఆగినా పక్షులు తిరిగి పుంజుకోలేదు. 1930లలో వచ్చిన అనావృష్టి, దానికి ముందే సాగు కోసం ఎండగట్టిన చిత్తడి నేలలు బాతుల సంతానోత్పత్తిని దెబ్బతీశాయి. ఈ దశలో జీవసర్వేక్షణ విభాగానికి అధిపతిగా వచ్చినవాడు జే.ఎన్. డార్లింగ్. ఆయన వృత్తిరీత్యా పత్రికా వ్యంగ్యచిత్రకారుడు. 1934లో వచ్చిన చట్టం ప్రకారం నీటిపక్షులను వేటాడే ప్రతి వయోజనుడూ ఒక డాలరు స్టాంపు కొనాలి. తొలి స్టాంపుకు బొమ్మ గీసినవాడు డార్లింగే. ఆ సొమ్ము చిత్తడి నేలల కొనుగోలుకు, రక్షణకు వెళ్ళింది. నేడు స్టాంపు వెల 25 డాలర్లు. ఈ పథకం ద్వారా ఇప్పటివరకు అరవై లక్షలకు పైగా ఎకరాలు రక్షణలోకి వచ్చాయి.

1935 నిబంధనలు వేట పద్ధతిని మార్చాయి. బతికిన బాతులను ఎరగా కట్టివేయడం, గింజలు చల్లి పక్షులను రప్పించడం నిషిద్ధమయ్యాయి. మళ్ళీ మళ్ళీ పేల్చగల తుపాకీలో మూడుకు మించి తూటాలు పట్టకూడదన్నారు. అయిదు తూటాల తుపాకీ ఉన్నవారు మాగజైన్‌లో ఒక పుల్లను అమర్చుకోవాలి. అది ఒకే ముక్కగా ఉండాలి. తుపాకీని విప్పితే తప్ప బయటకు రాకూడదు. ఈ నిబంధన నేటికీ అమలులో ఉంది.

దీనిలోని వివేకం గమనించదగినది. పెన్సిల్వేనియా 1907లో యంత్రాన్నే నిషేధించింది. 1935 నిబంధన యంత్రాన్ని ఉండనిచ్చి, దాని ఆకలిని తగ్గించింది. చవకైన ఒక కొయ్యపుల్ల బ్రౌనింగ్ పేటెంటులోని అయిదును మూడు చేసింది. 1937 నాటి పిట్మన్–రాబర్ట్‌సన్ చట్టం మరో అడుగు వేసింది. వేట తుపాకులు, తూటాలపై విధించే ఎక్సైజు పన్నును వన్యప్రాణి సంరక్షణ కోసం రాష్ట్రాలకు కేటాయించింది. నేడు షాట్‌గన్‌పై ఆ పన్ను 11 శాతం. ఆ విధంగా ఒకనాడు వినాశానికి ప్రతీకగా నిందపడిన తుపాకీయే సంరక్షణకు ఆదాయవనరు అయింది.

5. మట్టిబిళ్ళలు – రేంజ్ ప్రవేశం

ప్రాణంలేని గురి అవసరం పందొమ్మిదవ శతాబ్దంలోనే ఏర్పడింది. బతికిన పావురాల స్థానంలో గాజు బంతులు వచ్చాయి. 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ మట్టిబిళ్ళను ప్రవేశపెట్టాడు. వేటకు దగ్గరి అభ్యాసంగా స్కీట్ క్రీడ 1920ల ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో చార్లెస్ డేవిస్ చేతుల మీదుగా పుట్టింది. తొలుత గడియారపు అంకెల వలె పూర్తి వలయం చుట్టూ నిలబడి కాల్చేవారు. పక్కనే కోళ్ళఫారం వెలసినందువల్ల, గుళ్ళు అటు పడకుండా వలయాన్ని సగానికి కుదించారు. నేటి స్కీట్ మైదానపు అర్ధచంద్రాకారానికి కారణం అదే. 1926లో ఒక క్రీడా పత్రిక వంద డాలర్ల బహుమతితో నిర్వహించిన పోటీలో దీనికి స్కీట్ అన్న పేరు స్థిరపడింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల నుంచి కాల్చే గన్నర్లకు ఇదే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. రెమింగ్టన్ మోడల్ 11 ఆ శిక్షణలో విరివిగా వాడిన తుపాకీ. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో స్కీట్ చేరింది.

ఒక ఆవృత్తికి 25 తూటాలు. నాలుగు ఆవృత్తులు ఆడితే వంద. వేటలో రోజుకు కొన్ని తూటాలు పేల్చే మనిషి రేంజ్‌లో వంద పేలుస్తాడు. అప్పుడు భుజానికి తగిలే దెబ్బే ప్రధాన సమస్య అవుతుంది. అయితే స్కీట్‌లో ఒకేసారి రెండు బిళ్ళలకు మించి ఎగరవు. అంటే చట్టం వేటలో మూడు చాలన్నది. క్రీడ రెండే చాలన్నది. బ్రౌనింగ్ యంత్రంలో శాశ్వతంగా నిలిచిన విలువ తూటాల సంఖ్య కాదని, వెనుదన్నులోని కొంత శక్తిని యంత్రానికి పనిగా అప్పగించడమని రేంజ్ నిరూపించింది.

6. వాయువు, జడత్వం

1963లో రెమింగ్టన్ విడుదల చేసిన మోడల్ 1100 ఈ విలువను మరింత ముందుకు తీసుకుపోయింది. గొట్టానికి చేసిన చిన్న రంధ్రాల ద్వారా కొంత వాయువును మళ్ళించి, దానితో పిస్టన్‌ను తోసి, బోల్టును నడిపించడం దీని పద్ధతి. వెనుదన్ను ఒక్కసారిగా కాక కొంత కాలవ్యవధిలో భుజానికి చేరుతుంది గనుక దెబ్బ మెత్తగా తోస్తుంది. స్కీట్ ఆటగాళ్ళు దీనిని ఆదరించారు. కానీ సాధారణ తూటాలకూ భారీ మాగ్నమ్ తూటాలకూ వేర్వేరు రకాలు కొనవలసి వచ్చేది. 1987లో వచ్చిన మోడల్ 11-87 అదనపు వాయువును తానే వదిలించుకొనే ఏర్పాటుతో రెంటినీ ఒకే తుపాకీలో కలిపింది. బ్రౌనింగ్ వలయాన్ని చేత్తో మార్చి సరిచేసుకొన్న తేడాను ఇక యంత్రమే సరిచేసుకొంది.

రెండవ మార్గం ఇటలీలో వికసించింది. బ్రూనో చివొలాని రూపకల్పన ఆధారంగా 1967లో ఉర్బినోలో బెనెల్లీ సంస్థ ఏర్పడింది. ఇందులో వాయువుతో పనిలేదు. తుపాకీ అంతా వెనుకకు జరిగేటప్పుడు బరువైన బోల్టు జడత్వం వల్ల ఉన్నచోటనే నిలిచి, బోల్టు తలకూ దేహానికీ మధ్య ఉన్న గట్టి స్ప్రింగును అణచివేస్తుంది. ఆ స్ప్రింగు తిరిగి సాగి బోల్టును వెనుకకు నెడుతుంది. వాయువు లోపలికి రాదు గనుక మసి తక్కువ, భాగాలు తక్కువ, తుపాకీ తేలిక. బురద, మంచు, చలి ఉండే చిత్తడి నేలలలో ఇది మేలు. అయితే తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది. మరీ తేలికైన తూటాలకు కొన్నిసార్లు బోల్టు పూర్తిగా తిరగదు. వేట ఒక పద్ధతిని, రేంజ్ మరో పద్ధతిని ఎక్కువగా ఆదరించడానికి కారణం ఇదే.

7. సీసం నుంచి ఉక్కుకు

బాతులు ఆహారాన్ని నలగ్గొట్టుకోవడానికి చిన్న రాళ్ళను మింగుతాయి. చెరువు అడుగున పడిన సీసపు గుళ్ళను కూడా రాళ్ళనుకొని మింగి విషానికి లోనవుతాయి. ఈ సంగతిని జార్జ్ బర్డ్ గ్రినెల్ 1894లోనే ప్రస్తావించాడు. 1959లో ఫ్రాంక్ బెల్‌రోజ్ ఉత్తర అమెరికా నీటిపక్షులలో ఏటా 2 నుంచి 3 శాతం సీసవిషంతో చనిపోతున్నాయని అంచనా కట్టాడు. గురి తప్పిన తూటా కూడా చంపుతుందన్నమాట. విషపడిన బాతులను తిన్న బట్టతల గద్దలు సైతం చనిపోతున్నాయని తేలిన తరువాత, 1980ల రెండవ భాగంలో దశలవారీ నిషేధం మొదలై, 1991 నుంచి దేశమంతటా నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళు పూర్తిగా నిషిద్ధమయ్యాయి. తరువాతి అధ్యయనం ఒకటి, 1997 శరత్కాలంలో దీనివల్ల సుమారు 14 లక్షల బాతులు సీసవిషం నుంచి తప్పించుకున్నాయని అంచనా వేసింది.

ఉక్కు సీసం కంటె తేలిక. సీసం సాంద్రత 11.3 అయితే ఉక్కుది 7.8 మాత్రమే. అందుచేత ఉక్కు గుండు త్వరగా వేగం కోల్పోతుంది. దానిని పూరించడానికి పెద్ద గుళ్ళు, హెచ్చు వేగం, పొడవైన తూటా కావలసి వచ్చాయి. రెండు ముప్పావు అంగుళాలు, మూడు అంగుళాలతో ఆగిన 12 గేజ్ తూటా 1988లో మూడున్నర అంగుళాలకు పెరిగింది. ఆ తూటాను పేల్చగల తొలి సెమీ ఆటోమేటిక్ తుపాకీ బెనెల్లీ సూపర్ బ్లాక్ ఈగిల్ 1991లో వచ్చింది. అదే సంవత్సరం సీస నిషేధం సంపూర్ణమైంది. ఈసారి ఇది యాదృచ్ఛికం కాదు. చట్టమే యంత్రానికి రూపమిచ్చింది. మరోవైపు, గట్టి ఉక్కు గుళ్ళు పాత గొట్టాలను పాడుచేస్తాయి గనుక బెల్జియంలో తయారైన పాత ఆటో-5 గొట్టాలలో వాటిని వాడరాదు. తాత వదిలివెళ్ళిన తుపాకీ మనుమడికి మట్టిబిళ్ళల వద్దే పనికివస్తుంది.

8. నేటి ఎంపికకు దీని అర్థం

ఈ చరిత్ర వెలుగులో తొలి తుపాకీ ఎంపిక సులువవుతుంది. తూటాల సంఖ్యను చూసి డబ్బు పెట్టనవసరం లేదు; చట్టం మూడు వద్ద ఆపింది. మూడు అంగుళాల చాంబర్ బాతులకు, పెద్దబాతులకు సాధారణంగా చాలు. మూడున్నర అంగుళాల తూటాకు ఖర్చూ తన్నూ రెండూ హెచ్చు. ఏటిపొడవునా రేంజ్‌కు వెళ్ళి, కొద్దిరోజులు మాత్రమే వేటాడేవారికి వాయుపద్ధతి నయం, దానిని క్రమంగా శుభ్రం చేసే ఓపిక ఉంటే. ఎక్కువకాలం బురదలో గడిపేవారికి జడత్వ పద్ధతి నయం. గొట్టానికీ చోక్‌కూ ఉక్కు గుళ్ళ యోగ్యత ఉండాలి. అన్నిటికంటె ముందు తుపాకీ మడమ పొడవు మనిషికి సరిపోవాలి. షాట్‌గన్‌కు చూపు వెళ్ళినచోటికే గొట్టమూ వెళ్ళాలి; సరిపడని తుపాకీలో మరే గుణమూ అక్కరకు రాదు.

9. భారతీయ అనుభవంతో పోలిక

మూడు తూటాల నిబంధన వచ్చిన మూడేళ్ళకు, 1938 నవంబరు 12న, వైస్రాయి లిన్‌లిత్‌గో గౌరవార్థం భరత్‌పూర్‌లో జరిగిన వేటలో ఒకే రోజున 4,273 పక్షులు నేలకూలాయి. ఆ సంఖ్య అక్కడి శిలాఫలకంపై నేటికీ ఉంది. వినాశానికి కొత్త యంత్రమే అవసరం లేదని, హద్దు లేకపోతే చాలునని ఇది చెబుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణలతో భారతదేశం వేటనే దాదాపుగా నిలిపివేసింది. కనుక మన నేలపై నీటిపక్షుల వేట తుపాకీ ఎంపిక అన్న ప్రశ్నే లేదు. ఒకనాటి వేటస్థలమైన భరత్‌పూర్ 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

అయినా కథ అక్కడ ముగియలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ స్థలాల జాబితాలో చేరింది. అక్కడ పక్షులకు ముప్పు తుపాకీ నుంచి రాలేదు; సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల నుంచి వచ్చింది. 2005–06లో చెరువు గట్లను కూల్చవలసి వచ్చింది. ఆ చెరువులతో ముడిపడిన కుటుంబాల జీవనోపాధి ప్రశ్న ఆనాటి నుంచి చర్చలోనే ఉంది. డార్లింగ్ 1934లో ఎదుర్కొన్న సమస్య స్వరూపం కూడా ఇదే. పక్షి బతకాలంటే తుపాకీ ఆగడం ఒక ఎత్తు, నీరు నిలవడం మరో ఎత్తు. అమెరికా వేటను ఉంచి, వేటగాని సొమ్ముతో నీటినేలను కొన్నది. మనం వేటను ఆపాం. నీటినేల ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్నను మాత్రం పరిష్కరించుకోలేదు.

10. ముగింపు

మూడు తూటాలు, ఉక్కు గుళ్ళు, స్టాంపు, పన్ను – ఇవేవీ తుపాకీ తయారీదారు ఊహ నుంచి పుట్టలేదు. 1900లో అయిదు తూటాలతో మొదలైన యంత్రం, సమాజంతో తొంభై ఏళ్ళు వాదించి నేటి రూపం పొందింది. మాగజైన్‌లో ఇమిడి ఉన్న ఆ చిన్న పుల్ల కొనుగోలుదారు కంట పడకపోవచ్చు. ఆ తుపాకీలో చారిత్రకంగా అత్యంత విలువైన భాగం మాత్రం అదే. దాని విలువ కూడా, దాని వెంట నడిచిన స్టాంపు కొన్న నీటినేల నిలిచి ఉన్నంతవరకే. ఈ రెండవ విషయాన్ని కొల్లేరు తీరాన ఉన్న మనం ఇంకా లోతుగా పరిశోధించవలసి ఉంది.